సినిమా నిజంగా మనల్ని కలుపుతుందా? చిత్తూరు జిల్లా వైపు నుంచి ఒక జవాబు

మీరు అడిగింది సూటి ప్రశ్న. ఇన్ని భాషలు, కులాలు, మతాలున్న దేశాన్ని సినిమా, టీవీ లాంటి వినోదం నిజంగా కలుపుతుందా, లేక అది వేదికల మీద వాడుకునే మాటేనా అని. హిందీ, దక్షిణాది తగవులు, ఫ్యాన్స్ గొడవలు చూస్తుంటే విడగొట్టడమే ఎక్కువని మీ కాలేజీ మిత్రులు వాదిస్తున్నారనీ, వక్తృత్వ పోటీకి మన తిరుపతి, చిత్తూరు వైపు ఉదాహరణలు కావాలనీ రాశారు.

నేను తిరుపతిలో ఒక సినిమా డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో రెప్‌గా చేరి, తర్వాత థియేటర్ మేనేజరుగా పనిచేసి రిటైరయ్యాను. రెప్ అంటే ప్రింటు బాక్సు వెంట ఊరూరా తిరిగి, టికెట్లు లెక్కబెట్టి, రాత్రికి డీసీఆర్, అంటే ఆ రోజు వసూళ్ళ లెక్క, రాసి పంపేవాడు. పలమనేరు, కుప్పం, నగరి, సత్యవేడు, శ్రీకాళహస్తి... ఈ ఊళ్ళలో జనం ఏ సీనుకు నవ్వుతారో, ఏ సీనుకు లేచి బయటికి పోతారో హాలు వెనక నిలబడి చూడటమే నా ఉద్యోగం. ఆ అనుభవంతో చెబుతున్నాను. వినోదం కలుపుతుంది, అందులో నాకు అనుమానం లేదు. కానీ దానికి రెండు షరతులున్నాయి. చూసేవాడికి ఆ కథలో గౌరవంగా నిలబడే చోటుండాలి. వాడి భాషను వదులుకోమని ఎవరూ అడగకూడదు. ఈ రెండూ ఉన్నచోట జనం దగ్గరవడం చూశాను. ఏ ఒక్కటి తప్పినా అదే సినిమా మనుషుల మధ్య కోపం పెంచడమూ చూశాను.

ముందు మన నేల సంగతి. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకుముందు చిత్తూరు పట్టణమే ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేసరికి ఇటు తమిళం మాట్లాడే ఊళ్ళు, అటు తెలుగు మాట్లాడే ఊళ్ళు మిగిలిపోయాయి. సరిహద్దు తగవు తేల్చడానికి మధ్యవర్తిగా వచ్చిన పటాస్కర్ సిఫారసుల ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్ళింది, సత్యవేడు వైపు ఊళ్ళు మనకు వచ్చాయి. సరిహద్దు గీత జరిగింది గానీ చుట్టరికాలు జరగలేదు. కుప్పంలో బస్సెక్కితే గంటలోపే కర్ణాటకలోనో తమిళనాడులోనో దిగొచ్చు. ఇట్లాంటి చోట వినోదం ఏం చేసిందో చూస్తే దేశం మొత్తానికి సంబంధించిన మీ ప్రశ్నకు దారి దొరుకుతుంది.

సినిమా కంటే ముందు నుంచే ఈ పని చేస్తున్నది మా వైపు భారతం. మీరు ఎప్పుడైనా చూశారో లేదో తెలియదు గనుక వివరంగా చెబుతాను. ధర్మరాజుల గుడి, అంటే ద్రౌపదమ్మ గుడి ఉన్న ఊళ్ళలో మహాభారతం ఉత్సవం జరుగుతుంది. చాలాచోట్ల పద్దెనిమిది రోజులు. మధ్యాహ్నం పూట భాగవతారు హరికథ చెబుతాడు. రాత్రి అదే ఘట్టాన్ని వీధి నాటకంగా ఆడతారు. పగలు విన్నదే రాత్రి కళ్ళముందు కనబడుతుంది. చిత్తూరు, పుత్తూరు, నగరి వైపే కాదు, సరిహద్దు దాటి వేలూరు, తిరువణ్ణామలై దాకా ఇదే పద్ధతి. అక్కడ దాన్ని తెరుకూత్తు అంటారు. తమిళ భాగవతారు విల్లిపుత్తూరార్ భారతం చదువుతాడు, మన భాగవతారు తిక్కన పద్యం ఎత్తుకుంటాడు. వేషాలు ఒకటే, కిరీటాలు ఒకటే, భుజకీర్తులు ఒకటే. రెండు భాషల్లోనూ ఆడగల కళాకారులు ఉన్న మేళాలకు రెండు వైపులా పిలుపు ఉండేది.

అర్జున తపస్సు రోజు సంగతి చెప్పాలి. నున్నగా చెక్కిన పొడవాటి మానును నిలువునా పాతుతారు. తపసు మాను అంటారు. దానికి అడ్డంగా మెట్లు, పైన చిన్న మంచె. అర్జునుడి వేషం కట్టినాయన మెట్టుకొక పద్యం పాడుతూ పైకి ఎక్కుతాడు. కింద పిల్లలు కావాలని మొక్కుకున్న ఆడవాళ్ళు తడిబట్టలతో కొంగు పట్టుకుని కూర్చుంటారు. పైనుంచి ఆయన నిమ్మకాయలు, పూలు, విభూతి విసురుతాడు. నిమ్మకాయ తన కొంగులో పడాలని ప్రతి ఒక్కరి ప్రాణం కొట్టుకుంటుంది. ఆ గుంపులో నగరి ఆమె ఉంటుంది, తిరుత్తణి ఆమె ఉంటుంది, పై పద్యం ఏ భాషలో ఉందన్నది ఎవరికీ పట్టదు. ఒకసారి నేను చూసిన ఊళ్ళో పద్యం తెలుగులో సాగుతుంటే పక్కనున్న పెద్దావిడ తన కోడలికి తమిళంలో అర్థం చెబుతోంది. తీరా ఆవిడ చెబుతున్నది పద్యానికి అర్థం కాదు, తర్వాత జరగబోయే కథ. పద్యం కంటే ముందే ఆవిడ పరుగెడుతోంది. కథ ముందే తెలిసినవాళ్ళకు భాష అడ్డం కాదని నాకు అప్పుడు బాగా అర్థమైంది. తర్వాత సినిమా హాళ్ళలో ఆ సంగతి పదే పదే చూశాను.

ఆఖరి రోజు దుర్యోధన వధ. ఊరి మైదానంలో దుర్యోధనుణ్ణి మట్టితో వెల్లకిలా పడుకోబెట్టి చేస్తారు, కొన్నిచోట్ల ఇల్లంత పొడవుంటాడు. భీముడు, దుర్యోధనుడు వేషగాళ్ళు ఆ బొమ్మ చుట్టూ, బొమ్మ మీదా గదలతో తిరుగుతారు. తొడ విరగ్గొట్టాక ద్రౌపది జుట్టు ముడేసుకుంటుంది. సాయంత్రం అగ్నిగుండం తొక్కుతారు. ఆ మట్టి ఇంటికి తీసుకెళ్ళి గాదెల్లో వేసుకునేవాళ్ళున్నారు. ఇది పూజా, వినోదమా అని అడిగితే ఆ ఊరివాళ్ళకు ఆ ప్రశ్నే అర్థం కాదు.

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. భారతంలో ఊరి కులాలన్నిటికీ తలా ఒక బాధ్యత ఉండేది, అది కలిపే సంగతే. కానీ పాతకాలంలో చాలా ఊళ్ళలో దళితవాడ జనం ఎడంగా నిలబడి చూడాల్సి వచ్చేది. కథ ఒక్కటైనా కూర్చునే చోటు ఒక్కటి కాదు. ఆ ఒక్క విషయంలో టూరింగ్ టాకీస్ చేసిన పని గొప్పది. నేల టికెట్టు కొన్నవాడు నేలలో ఎవరి పక్కనైనా కూర్చోవచ్చు. గేట్‌మ్యాన్ టికెట్టు చించుతాడు గానీ నీదే వాడ అని అడగడు. టీ కొట్టులో రెండు రకాల గ్లాసులు పెట్టిన ఊళ్ళోనే, ఆ ఊరి బయట డేరా హాల్లో ఇసుక మీద అందరూ భుజం భుజం తగిలేలా కూర్చున్నారు. తరగతులు ఉండేవి, నేల, బెంచి, కుర్చీ అని. అవి డబ్బును బట్టి. డబ్బు తేడా కూడా తేడాయే, కాదనను. కానీ పుట్టుకను బట్టి కాకుండా జేబును బట్టి కూర్చోవడం అన్నది మా వైపు పల్లెల్లో చాలామందికి మొదటిసారి ఎదురైంది సినిమా హాల్లోనే. వినోదం సమైక్యత అని మాట్లాడేవాళ్ళు తెర మీద ఏముందో చూస్తారు. నేను మాత్రం తెర ముందు ఎవరు ఎక్కడ కూర్చున్నారో కూడా చూడమంటాను.

ఇక కన్నప్ప. మన శ్రీకాళహస్తి కథ కాబట్టి మీ పోటీకి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. బోయవాడు తిన్నడు శివుడికి మాంసం నైవేద్యం పెట్టాడు, పుక్కిటి నీళ్ళతో అభిషేకం చేశాడు, చివరికి తన కన్ను పెరికి ఇచ్చాడు. తమిళంలో శేక్కిళార్ పన్నెండో శతాబ్దంలో పెరియపురాణంలో రాశాడు. తమిళ శైవులు కొలిచే అరవై ముగ్గురు శివభక్తుల్లో, అంటే నాయనార్లలో, కన్నప్ప ఒకడు. తెలుగులో ధూర్జటి పదహారో శతాబ్దంలో కాళహస్తీశ్వర మాహాత్మ్యంలో రాశాడు. 1954లో ఇదే కథ కన్నడంలో ‘బేడర కణ్ణప్ప’ అయింది. రాజ్‌కుమార్‌ను హీరోగా నిలబెట్టిన సినిమా అది. అదే ఏడాది అదే కథను తెలుగులో తీస్తే అందులోనూ ఆయనే తిన్నడు. కన్నడిగులు ప్రాణంగా చూసుకునే రాజ్‌కుమార్ తన మొత్తం జీవితంలో కన్నడం కాకుండా వేరే భాషలో నటించిన సినిమా అదొక్కటే. అది మన కాళహస్తి కథ, మన భాషలో. 1976లో బాపు, కృష్ణంరాజు మళ్ళీ తీశారు. 2025లో ఇంకోసారి, ఈసారి దేశంలోని పలు భాషల్లో వచ్చింది.

ఇన్ని భాషలు ఈ కథను ఎందుకు తమదనుకున్నాయి? భక్తి ఒక్కటే కారణమైతే భక్తి కథలు వందలున్నాయి. నా ఆలోచన ఏమంటే, ఈ కథలో గుడిలోకి రాకూడనివాడు గుడిలోకి వస్తాడు. శాస్త్రం తెలిసిన పూజారి నొచ్చుకుంటాడు. దేవుడు ఎవరి పక్షమో చివర్లో చెబుతాడు. అడివిలో తిరిగే మనిషికి కథ మధ్యలో, నడిబొడ్డున చోటిచ్చారు. కాళహస్తి కొండ మీద ఇప్పటికీ కన్నప్పకు గుడి ఉంది. నేను మొదట్లో చెప్పిన రెండు షరతుల్లో మొదటిది ఇదే.

రెండో షరతుకు పాత మద్రాసు స్టూడియోలు సాక్ష్యం. దక్షిణాది మొదటి టాకీగా చెప్పే ‘కాళిదాస్’ 1931 అక్టోబర్ 31న విడుదలైంది. తీసింది తెలుగువాడు హెచ్.ఎం. రెడ్డి, తీసింది బొంబాయిలో. హీరోయిన్ టి.పి. రాజలక్ష్మి తమిళంలో మాట్లాడింది. హీరో తెలుగులో జవాబిచ్చాడు. ఎల్.వి. ప్రసాద్ పాత్ర హిందీ మాట్లాడింది. జనం గొడవ చేయలేదు, తోసుకుంటూ వెళ్ళి చూశారు. అదే ఎల్.వి. ప్రసాద్ హిందీ మొదటి టాకీ ‘ఆలం ఆరా’లో ఉన్నాడు, తెలుగు మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’లోనూ ఉన్నాడు. తర్వాత ఆయనే 1955లో ‘మిస్సమ్మ’ను తెలుగు, తమిళాల్లో ఒకేసారి తీసి, 1957లో హిందీలో ‘మిస్ మేరీ’గా తీశాడు. ఉద్యోగం కోసం ఒక హిందువు, ఒక క్రైస్తవ అమ్మాయి భార్యాభర్తలమని చెప్పుకునే కథ. స్వాతంత్ర్యం వచ్చిన పదేళ్ళకే మూడు భాషల జనం ఆ కథను హాయిగా నవ్వుకుంటూ చూశారు.

మన చిత్తూరు నాగయ్యగారి సంగతీ అంతే. చిత్తూరు రామవిలాస సభ నాటకాలతో పేరు తెచ్చుకుని, ఆ ఊరి పేరునే ఇంటి పేరుగా మోశాడు. తెలుగులో పోతన, వేమన, త్యాగయ్య ఆయనే. తమిళంలో 1945 నాటి ‘మీరా’లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పక్కన మేవాడ్ రాణా ఆయనే. కథ రాజస్థాన్‌ది, పాడింది మదురై ఆమె, రాజు చిత్తూరు నాటకాల మనిషి, పాటలు తమిళం. ఇందులో ఎవరూ ఎవరి భాషనూ మింగేయలేదు. తమిళుడికి తమిళం దొరికింది, హిందీవాళ్ళకు తర్వాత హిందీలో దొరికింది. 1965లో నాగయ్యగారికి పద్మశ్రీ ఇచ్చారు. ఇప్పటికీ చిత్తూరులో ఆయన పేరిట కళాక్షేత్రం ఉంది. మీ పోటీకి ముందు ఒకసారి వెళ్ళి రండి.

1978లో బాలచందర్ ‘మరోచరిత్ర’ వచ్చింది. తమిళ అబ్బాయి, తెలుగు అమ్మాయి, భాష పేరు చెప్పి అడ్డుపడే ఇళ్ళు. మద్రాసులో ఆ సినిమా తెలుగులోనే ఏడాదికి పైగా ఆడింది. డబ్బింగ్ చేయలేదు. 1981లో అదే కథ ‘ఏక్ దూజే కే లియే’గా హిందీలోకి వెళ్ళేసరికి అబ్బాయి తమిళుడు, అమ్మాయి ఉత్తరాది పిల్ల అయ్యారు. ఆ హిందీ సినిమాలో పాటకు మన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికి జాతీయ అవార్డు వచ్చింది. తెలుగు, తమిళం, కన్నడం, హిందీ, నాలుగు భాషల్లో జాతీయ అవార్డులు తీసుకున్న గొంతు అది. ‘శంకరాభరణం’ కూడా 1980లో తమిళనాడు, కేరళల్లో తెలుగు పాటలతోనే ఆడింది. 1965లో హిందీ వ్యతిరేక ఉద్యమం రగిలిన మద్రాసులోనే, నాలుగేళ్ళ తర్వాత వచ్చిన ‘ఆరాధన’ హిందీలోనే నెలల తరబడి ఆడింది. ఆ ఊరి జనం హిందీని ద్వేషించారనడం తప్పు. నెత్తిన రుద్దితే వద్దన్నారు, పాటగా వస్తే పాడుకున్నారు. మీ మిత్రులతో వాదన వచ్చినప్పుడు ఈ ఒక్క సంగతి గట్టిగా పట్టుకోండి.

నగరి హాలు ముచ్చట చెప్పి ముందుకెళతాను. నగరి, పుత్తూరు, నారాయణవనం మరమగ్గాల ఊళ్ళు. రజనీకాంత్ సినిమా అంటే మగ్గాలు ఆగిపోయేవి. తెలుగు డబ్బింగ్ ప్రింటు, తమిళ ప్రింటు రెండూ దొరికినప్పుడు ఏది వేయాలన్నది మాకు పెద్ద టెన్షన్. తమిళ ప్రింటు వేసిన రోజు హాలు వెనక నిలబడి వింటే నవ్వు రెండు విడతలుగా వచ్చేది. ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్ళు ముందు నవ్వేవారు. పక్కవాడు ‘ఏమన్నాడు?’ అని మోచేత్తో పొడిచేవాడు. వీడు చెప్పేవాడు, రెండో నవ్వు లేచేది. వారం తిరిగేసరికి ఆ రెండు నవ్వులూ ఒకటైపోయేవి, ఎందుకంటే చూసినవాళ్ళే మళ్ళీ మళ్ళీ వచ్చేవారు. అట్లా సినిమా హాల్లో తమిళం నేర్చుకున్న తెలుగువాళ్ళు, తెలుగు నేర్చుకున్న తమిళులు మా వైపు లెక్కలేనంతమంది. తెర మీద ఉన్న రజనీకాంత్ బెంగళూరు మరాఠీ ఇంట పుట్టి, బస్ కండక్టరుగా పనిచేసి, మద్రాసు వెళ్ళి తమిళ హీరో అయిన మనిషి. ఆయన ఏ రాష్ట్రంవాడు అన్న ప్రశ్న ఆ హాల్లో ఎవరి నోటా వినలేదు.

తిరుపతి హాళ్ళది ఇంకో రకం. ఇక్కడ ప్రేక్షకుల్లో ఊరివాళ్ళు సగమైతే కొండకు వచ్చినవాళ్ళు ఇంకో సగం. దర్శనం టైమ్ స్లాట్ రేపుంటే ఈ రాత్రి ఏం చేయాలి? సామాను రూములో పెట్టి సినిమాకు వస్తారు. నాందేడ్ నుంచి, హుబ్లీ నుంచి, సేలం నుంచి, కటక్ నుంచి. మొదట్లో నాకు ఆశ్చర్యంగా ఉండేది, తెలుగు రానివాళ్ళు తెలుగు సినిమాకు ఎందుకు వస్తున్నారని. తర్వాత్తర్వాత వాళ్ళే పోస్టరు ముందు నిలబడి మన హీరోల పేర్లు చెప్పడం మొదలుపెట్టారు. హిందీ టీవీ చానళ్ళలో ఏళ్ళ తరబడి మన సినిమాల డబ్బింగులు వేశారు, బీహారు పల్లెలో పిల్లవాడికి కూడా మన ఫైట్లు కంఠతా వచ్చేశాయి. 2015లో ‘బాహుబలి’ వచ్చి దేశాన్ని ఊపేసిందంటారు. ఊపింది నిజమే. కానీ దున్ని విత్తు చల్లినవి ఆ టీవీ డబ్బింగులు. పొరుగున కోలారు బంగారు గనుల పేరుతో కన్నడంలో తీసిన ‘కేజీఎఫ్’ను 2018లో మనవాళ్ళు మనదన్నట్టే చూశారు. ఆ గనుల్లో పనిచేసిన కుటుంబాల్లో మన చిత్తూరు జిల్లావి ఎన్నో ఉన్నాయి.

‘పుష్ప’ గురించి అడుగుతారని తెలుసు. 2021 డిసెంబర్‌లో వచ్చింది. మన శేషాచలం ఎర్రచందనం, మన యాస. ఇంతకుముందు తెలుగు సినిమాలో చిత్తూరు యాస మాట్లాడేది ఎక్కువగా పక్కనుండే నవ్వించే పాత్ర. ఇందులో హీరో నోట, సినిమా మొత్తం ఆ యాస వినబడింది. దానికి నటుడికి జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది, తెలుగువాళ్ళలో ఆ అవార్డు అందుకున్నది ఆయనే మొదట. మా హాల్లో మొదటి రోజు కుర్రాళ్ళు వేసిన ఈలలు హీరోకే కాదు, తమ ఇంట్లో అమ్మ మాట్లాడే మాట అంత పెద్ద తెర మీద విన్నందుకు కూడా. 2024లో రెండో భాగం వచ్చాక గంగమ్మ జాతర గురించి లక్నోలో ఉన్నవాళ్ళకూ తెలిసింది. మగవాళ్ళు చీరలు కట్టి మాతంగి వేషం వేసుకోవడం మనకు ఏటా చూసేదే, దేశానికి కొత్త. హిందీలో యాస పోయింది, అది నాకు బాధే. అయినా జాతర మిగిలింది.

కానీ ఇక్కడే ఇంకో సంగతి కూడా చెప్పాలి. అదే శేషాచలం అడవిలో 2015 ఏప్రిల్ 7న ఎర్రచందనం కూలీలు 20 మంది పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అందరూ తమిళనాడు నుంచి వచ్చిన పేదవాళ్ళు. ఆ వారం తమిళనాడుకు మన బస్సులు పోలేకపోయాయి. నగరిలో, వేలూరులో ఒకే సినిమాకు ఒకేసారి ఈల వేసే జనమే ఆ రోజుల్లో ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. ఇంత సినిమా ప్రేమ ఆ కూలీల ఇళ్ళకు ఏ సాయమూ చేయలేదు. న్యాయం చేయాల్సిన పని న్యాయమే చేయాలి, సినిమా చేయలేదు. వినోదానికి ఈ హద్దు ఉందని ఒప్పుకుంటేనే మిగతా మాట నమ్మకంగా చెప్పగలరు.

దూరదర్శన్ కాలం గురించి క్లుప్తంగా. 1987 జనవరి 25న ‘రామాయణ్’ మొదలైంది. హిందీ సీరియల్. ఆదివారం ఉదయం అది అయ్యేదాకా మా బుకింగ్ కిటికీ దగ్గర పురుగు కూడా ఉండేది కాదు. టీవీ ఉన్న ఇంట్లో వీధి వీధంతా. హిందీ ముక్క రాని ముసలివాళ్ళు మిగతావాళ్ళకు కథ చెబుతూ చూశారు. భారతంలో తపసు మాను కింద చూసిందే ఇక్కడా చూశాను. అయితే ఈ సీరియల్ విషయంలో చాలామందికి తెలియని ఘట్టం ఒకటుంది. పట్టాభిషేకంతో ముగించబోతుంటే 1988లో ఉత్తరాదిలో పారిశుద్ధ్య కార్మికులు సమ్మెకు దిగారు. తాము కొలిచే వాల్మీకి వచ్చే ఉత్తరకాండ లేకుండా ఎట్లా ఆపుతారని. చివరికి ఆ భాగం కూడా తీశారు. కథలో తమ చోటు కోసం జనం చీపుర్లు కింద పెట్టారు! వినోదం పనికిమాలిన సంగతి అనేవాళ్ళకు ఈ ఒక్కటి చెబితే చాలు.

ఇక విడగొట్టడం. మీ మిత్రులు చెప్పినదాంట్లో నిజం ఉంది. హిందీ సినిమాల్లో ఏళ్ళ తరబడి దక్షిణాదివాడంటే ‘మద్రాసీ’, నుదుట అడ్డబొట్టు, మాటకు ముందొక ‘అయ్యో’. 1968 నాటి ‘పడోసన్’లో సంగీతం మాస్టారి పాత్రను ఇప్పటికీ నవ్వుతూ గుర్తు చేస్తారు. ఆ నవ్వు ఎవరి మీదో ఆ చివర కూర్చున్నవాడికి తెలుసు. మనమేం తక్కువ తినలేదు. 1999 నుంచి కొన్నేళ్ళపాటు తెలుగు తెర మీద రాయలసీమ అంటే సుమోలు, బాంబులు, వేటకొడవళ్ళు. హైదరాబాదు, గుంటూరు కాలేజీల్లో చేరిన మా వైపు పిల్లల్ని ‘మీ ఇంట్లో బాంబులుంటాయా’ అని అడిగేవాళ్ళు. వాళ్ళు సెలవులకొచ్చి ఆ మాట చెబితే మనసు చివుక్కుమనేది. ఆ సినిమాలకు బాగా కలెక్షన్లు వచ్చాయి, సీమలోనే ఎక్కువ వచ్చాయి. వచ్చినంత మాత్రాన ఆ గాయం లేదని కాదు.

రాష్ట్రాల తగవుల్లోకి సినిమాను లాగడం ఇంకొకటి. కర్ణాటకలో 1960ల నుంచి డబ్బింగ్ సినిమాలను రానివ్వలేదు. తమ చిన్న పరిశ్రమ మునిగిపోతుందన్న భయం, అందులో న్యాయమూ ఉంది. 2015లో కాంపిటీషన్ కమిషన్ ఆ అడ్డంకి చెల్లదంది. 2017లో ‘బాహుబలి’ రెండో భాగం రాబోతుంటే, కట్టప్ప వేసిన సత్యరాజ్ ఎప్పుడో కావేరి గొడవలో అన్న మాటల మీద అక్కడ ఆందోళన లేచింది. ఆయన విచారం చెప్పాక సినిమా ఆడింది, అదే జనం ఎగబడి చూశారు. నీళ్ళ తగవు మాత్రం అట్లాగే ఉంది.

ఫ్యాన్స్ గొడవల్లో నాకు భయం కలిగించేది బ్యానర్లు చింపుకోవడం కాదు. అభిమాన సంఘాలు కులాల వారీగా చీలడం. పాతరోజుల్లో హీరో కులం హాల్లో ఎవరికీ పెద్దగా పట్టేది కాదు. ఇప్పుడు సినిమా మొదలవకముందే ఎవరి హీరో ఎవరివాడో లెక్కలు తేల్చేస్తున్నారు. డేరా హాలు చీకట్లో పోయిన గీతను ఫోను వెలుగులో మళ్ళీ గీసుకుంటున్నారు. నా జీవితమంతా ఈ వ్యాపారంలో గడిచింది కాబట్టి చెబుతున్నాను, దీన్ని ఆపగలిగింది ఆ హీరోలు, ఆ కుర్రాళ్ళే. పోలీసుల వల్ల అయ్యే పని కాదు.

మీ పోటీ సంగతికొస్తే, ‘భిన్నత్వంలో ఏకత్వం’ అని మొదలుపెట్టకండి, ముందు మాట్లాడే పదిమందీ అదే అంటారు. కన్నప్పతో మొదలుపెట్టండి. పెరియపురాణం, ధూర్జటి, 1954 నాటి రెండు సినిమాలు వరసగా చెప్పండి. తర్వాత మీ మిత్రుల వాదనను వాళ్ళకంటే గట్టిగా మీరే చెప్పి, ‘ఆరాధన’ మద్రాసులో ఆడిన సంగతితో జవాబివ్వండి. ఎర్రచందనం కూలీల మాట వదలకండి, జడ్జీలకు నచ్చకపోయినా సరే. వీలైతే ఈ వేసవిలో దగ్గర్లో భారతం జరిగే ఊరికి వెళ్ళండి. ఏ రోజు ఏ ఘట్టమో ముందే కరపత్రం వేస్తారు. తమిళం వచ్చిన మిత్రుణ్ణి ఒకరిని తోడు తీసుకెళ్ళండి. కళాకారులు రాత్రంతా ఆడి పగలు నిద్రపోతారు, కాబట్టి సాయంత్రం వాళ్ళు ముఖానికి రంగు వేసుకునే వేళకు వెళితే తీరిగ్గా మాట్లాడతారు. ఏ ఊళ్ళో ఏ భాషలో ఆడతారో, ఎట్లా మారుస్తారో వాళ్ళనే అడగండి. నేను ఇంత రాసినదానికంటే వాళ్ళ దగ్గర ఎక్కువ దొరుకుతుంది.